‘మాయ’ అనే పేరుకు అర్థం ఏమిటి? ముందు అది ఏ మాయో చూడాలి

పోయిన వేసవిలో మా తమ్ముడి కూతురికి బారసాల చేశాం. తమ్ముడూ మరదలూ ఉండేది డాలస్‌లో. బారసాల మాత్రం తెనాలిలో మా ఇంట్లోనే జరగాలని అమ్మ పట్టుబట్టింది. పళ్లెంలో బియ్యం పోసి, తమ్ముడు ఉంగరంతో రాయడం మొదలుపెట్టేదాకా ఆ పేరేమిటో అమ్మకు తెలియదు. ‘మా’ రాశాడు, పక్కన ‘య’ రాశాడు. అమ్మ అక్కడే ఆపేసింది.

“ఒరేయ్, ఆవు ఈనాక పడేది మాయ. దొంగ సన్నాసులు చేసేది మాయ. బంగారంలాంటి పిల్లకి మాయేమిట్రా?”

మరదలు ఫోన్ తీసి చూపించింది. పిల్లల పేర్ల సైట్‌లో వరసగా రాసి ఉంది: గ్రీకులో తల్లి, లాటిన్‌లో గొప్పది, హీబ్రూలో నీరు, సంస్కృతంలో భ్రమ. “ఇన్ని మంచి అర్థాలున్నాయి కదా అత్తయ్యా” అంది.

ఆ జాబితా నన్ను చాలా రోజులు వదల్లేదు. అందులో ఒక్కో ముక్కా విడిగా చూస్తే పెద్ద తప్పేమీ లేదు. అన్నిటినీ ఒకే పేరు కింద పోగు వెయ్యడంలోనే చిక్కుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవాళ్లు ఇక్కడా అక్కడా నోరు తిరిగే పేరు కోసం వెతుకుతున్నారు కాబట్టి ఇలాంటి జాబితాలు ఇప్పుడు ప్రతి ఇంటికీ వస్తున్నాయి. మాయ అనే ఒక్క పేరునే తీసుకుని ఆ చిక్కు విప్పే ప్రయత్నం ఇది.

రెండు భాషల్లో ఒకే మాట ఎందుకు వినిపిస్తుంది

దీనికి ముఖ్యంగా మూడు కారణాలుంటాయి.

మొదటిది చుట్టరికం. తెలుగులో కన్ను, తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు. ఒకరి దగ్గర ఒకరు తీసుకున్నవి కావు, ఒకే పాత భాష నుంచి ముగ్గురికీ వచ్చినవి. వీటిని జ్ఞాతి పదాలు అంటారు. ఆస్తిలో వాటా ఉన్న జ్ఞాతుల్లాంటివే. సంస్కృతంలోని మాతృ, లాటిన్‌లోని మాటెర్, ఇంగ్లీషులోని మదర్ కూడా ఇలాగే జ్ఞాతులు.

రెండోది ఎరువు. ఒక భాష ఇంకో భాష నుంచి మాటను తెచ్చుకుని వాడుకోవడం. మన బస్సు, రైలు, అల్మారా అన్నీ ఎరువు మాటలే.

మూడోది ఉత్త కాకతాళీయం. మనం బద్మాష్, బద్నాం అంటాం. అందులోని ఫారసీ ‘బద్’కు చెడ్డ అని అర్థం. ఇంగ్లీషులోనూ చెడ్డ అంటే బ్యాడ్. శబ్దమూ కలిసింది, అర్థమూ కలిసింది, అయినా రెంటికీ సంబంధం లేదని భాషా శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. ప్రపంచంలో వేల భాషలున్నాయి, నోరు పలికే ధ్వనులు మాత్రం కొన్నే. ఇలాంటివి జరగకపోతేనే ఆశ్చర్యం.

ఈ మూడింటికీ తోడు ఇంకొకటి ఉంది: తర్వాత అతికిన అర్థం. పేరు ఎక్కడి నుంచో వస్తుంది. అది తమ భాషలో ఫలానా మాటలా వినిపిస్తోంది కాబట్టి జనం ఆ అర్థాన్ని దానికి ఇస్తారు. ఈ అర్థం కూడా అబద్ధం కాదు, కాకపోతే అది పుట్టుక కాదు.

మాయ విషయంలో ఈ నాలుగూ కనిపిస్తాయి.

గందరగోళంలో సగం ఇంగ్లీషు స్పెల్లింగ్‌దే

ఎం, ఏ, వై, ఏ. ఈ నాలుగు అక్షరాలను తెలుగులో మయ అని చదవచ్చు, మాయ అని చదవచ్చు, మయా అని కూడా చదవచ్చు. దీర్ఘం ఎక్కడుందో ఇంగ్లీషు లిపి చెప్పదు. మనకు మాత్రం దీర్ఘం మారితే మాట మారిపోతుంది.

సంస్కృతం ఒక్కదాన్నే చూద్దాం. చిన్మయ, తన్మయి, హిరణ్మయి అనే పేర్ల చివర ఉన్న ‘మయ’కు ‘దానితో నిండినది, దానితో చేసినది’ అని అర్థం. మనం ఇల్లంతా దుమ్ముమయం అంటాం కదా, అదే. పాండవులకు ఇంద్రప్రస్థంలో సభ కట్టిన శిల్పి మయుడు. అది మయసభ, మాయలా కనిపించే సభ కాబట్టి మాయసభ అనే వాళ్లున్నారు గానీ, పేరు వచ్చింది కట్టినవాడి నుంచి. ఇక మూడోది మాయ. ఈ మూడూ ఇంగ్లీషులో రాస్తే ఒకటే. తన్మయిలోని మయికి, మయుడికి, మాయకు కలిపి ఒకే అర్థం రాసిన సైట్లు నేనే చూశాను.

సంస్కృత మాయ: భ్రమ కంటే ముందు ప్రజ్ఞ

మాయ అంటే భ్రమ అని మనకు గట్టిగా నాటుకుపోయింది. అద్వైతం ఆ మాటకు ఇచ్చిన అర్థం, తత్త్వాలూ హరికథలూ దాన్ని ఊరూరా మోసుకెళ్లిన తీరు దానికి కారణం. కానీ ఋగ్వేదంలో ఈ మాట వాడుక వేరు. ఆరో మండలంలో ‘ఇంద్రో మాయాభిః పురురూప ఈయతే’ అని ఉంది. ఇంద్రుడు తన మాయలతో ఎన్నో రూపాలు ధరించి తిరుగుతాడు అని. అక్కడ మాయ అంటే అసాధారణమైన శక్తి, నేర్పు. అది వరుణుడికీ ఉంటుంది. శత్రువుల చేతిలో ఉన్నప్పుడు కపటం అనే ఛాయ కూడా వస్తుంది, కానీ మాటలోనే చెడు లేదు.

ఇంకా గట్టి సాక్ష్యం ‘నిఘంటువు’ అనే వేద పదాల పట్టికలో ఉంది. వేదంలోని కఠిన పదాలను పోగుచేసిన ఆ పాత పట్టికకే యాస్కుడు నిరుక్తం అనే వ్యాఖ్య రాశాడు. ఆ పట్టికలో ప్రజ్ఞకు పర్యాయపదాలు చెప్పే చోట ధీ, చిత్తం, శచీ వంటి మాటల సరసన మాయ కూడా ఉంది. అంటే వేదార్థం చెప్పడానికి కూర్చున్న పాతకాలపు పండితుడి దృష్టిలో మాయ అన్నది తెలివితేటలకు ఇంకో పేరు.

తర్వాత శ్వేతాశ్వతరోపనిషత్తు ‘మాయాం తు ప్రకృతిం విద్యాత్, మాయినం తు మహేశ్వరమ్’ అంటుంది. మాయే ప్రకృతి, దాన్ని చేతిలో ఉంచుకున్నవాడు మహేశ్వరుడు. ఆ దారిలోనే అద్వైతపు మాయ వస్తుంది: ఉన్న ఒక్కటీ పలు రకాలుగా కనిపించడానికి కారణమైనది. ‘లేనిది ఉన్నట్టు చూపే మోసం’ అనేది దానికి మనం వీధి వాడుకలో చేసుకున్న కుదింపు.

ధాతువు సంగతికి వస్తే ‘మా’, అంటే కొలవడం, అనే ధాతువు నుంచి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. మాత్ర, పరిమాణం, ప్రమాణం అన్నిటిలో ఉన్నది అదే. కొలిచి రూపం ఇచ్చే శక్తి మాయ అన్నమాట. దీన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. నాకు మాత్రం కొలత వివరణే ఋగ్వేదపు వాడుకకు బాగా అతికినట్టు కనిపిస్తుంది.

మా అమ్మ వేసిన ప్రశ్న కూడా కొత్తది కాదు. బుద్ధుడి తల్లి పేరు మాయాదేవి. ఆమె గురించి బౌద్ధ కవి అశ్వఘోషుడు సౌందరనందం అనే కావ్యంలో చెబుతూ, కోపమూ తమస్సూ మాయా లేని ఆ రాణి పేరు మాయ అని, ఆమె స్వర్గంలోని మాయాదేవతలా ఉండేదని అంటాడు. ఒకే శ్లోకంలో మాట రెండు వైపులా తిరిగింది, ఒకచోట కపటం, ఇంకోచోట దేవత. దాదాపు 1,900 ఏళ్ల కిందట కూడా ‘ఇంత మంచి తల్లికి ఈ పేరేమిటి’ అని వినేవాళ్లకు అనిపిస్తుందని ఆ కవికి తెలుసు. ఆ మాయాదేవి మనకు మరీ దూరం మనిషి కాదు. తెల్ల ఏనుగు తన గర్భంలో ప్రవేశించినట్టు ఆమె కన్న కలను అమరావతి శిల్పులు సున్నపురాతి మీద చెక్కారు.

ఊరికీ ఈ పేరుంది. ‘అయోధ్యా మథురా మాయా కాశీ కాంచీ అవంతికా’ అని చిన్నప్పుడు చదువుకున్న శ్లోకంలో మూడోది హరిద్వారం. మోక్షమిచ్చే ఏడు పట్టణాల్లో ఒకటి.

తెలుగులోనే ఇంకో రెండు మాయలు

అమ్మ చెప్పిన మొదటి మాయ సంస్కృతం వాళ్ల మాయ కాదు. ఆవు ఈనాక ఇంట్లో ముందు అడిగే మాట “మాయ పడిందా?” అనే. పడకపోతే రాత్రంతా కొట్టం దగ్గరే కాపలా. బిడ్డను కడుపులో పోషించిన ఆ పొరను మాయ అంటాం, కొన్నిచోట్ల మావి అంటారు. భ్రమకూ దీనికీ అర్థంలో ఎక్కడా పొత్తు లేదు.

రెండోది క్రియ. “మట్టిరంగు చీరైతే తొందరగా మాయదు” అంటుంది మా అత్త. మాయడం అంటే మురికి పట్టడం, రంగు తగ్గడం. వేయు–వేసిన, మోయు–మోసిన ఎలాగో మాయు–మాసిన అలాగ. మాసిన బట్టలు అన్నప్పుడు వాడేది ఈ మాటే. ‘మాయని మచ్చ’ అన్నప్పుడు కూడా ఇదే, చెరిగిపోని మచ్చ అని. తమిళంలో మాయ్ అంటే నశించడం, మలయాళంలో మాయుక అంటే చెరిగిపోవడం. ఇది ద్రావిడ కుటుంబపు మాట.

ఇక్కడే ఒక చిక్కు. ‘డబ్బు మాయమైంది’ అన్నప్పుడు ఉన్నది ఏ మాయ? సంస్కృత మాయ అనుకోవడం మామూలు. కానీ దక్షిణాదిలో నశించడం, చెరిగిపోవడం అనే అర్థంతో అలాంటి శబ్దమే ముందే ఉంది కాబట్టి రెండూ ఒకదానికొకటి బలం ఇచ్చుకుని ఉండొచ్చని నా ఊహ. పక్కపక్కన వందల ఏళ్లు బతికిన మాటలు ఒకదాని రంగు ఒకదానికి అంటించుకుంటాయి. అన్నీ విడదీసి చూపాలంటే కుదరదు.

గ్రీకు మైయా, రోమన్ మైయా: వేర్వేరు అమ్మవార్లు

గ్రీకు పురాణాల్లో మైయా అట్లాస్ కూతురు, దేవదూత హెర్మెస్ తల్లి. ఏడుగురు అక్కచెల్లెళ్లలో పెద్దది. ఆ ఏడుగురినీ ఆకాశంలో నక్షత్రాలుగా చూస్తారు. మనం కృత్తికలు అనే గుంపు అదే. మైయా అనే మాటకు గ్రీకులో దాది, మంత్రసాని అని అర్థాలున్నాయి. పసిపిల్లలు ముందు పలికే ‘మా’ నుంచి అది పుట్టిందంటారు. ఎదుటివాడి ప్రశ్నల నుంచే జవాబు పుట్టించే తన పద్ధతిని సోక్రటీస్ మంత్రసాని పనితో పోల్చాడు. ఆ పద్ధతికి యూరప్ భాషల్లో ఉన్న పేరు ఈ మైయా నుంచి వచ్చిందే.

ఇక్కడ మనసు లాగుతుంది. గ్రీకులో మైయా మంత్రసాని, తెలుగులో మాయ బిడ్డతో పాటు పడేది. ఎంత బాగా కలిసిందో! కానీ ఈ రెండు మాటలు ఎక్కడైనా కలుసుకున్నాయనడానికి ఆధారం లేదు. బద్, బ్యాడ్ లాంటి జత ఇది.

రోమన్ల మైయా వేరు. ఆమె పెరుగుదలకు, వసంతానికి సంబంధించిన పాత ఇటలీ దేవత. తర్వాత గ్రీకు మైయాతో కలిపేశారు. ఆమె పేరుకు మూలం ‘గొప్ప, పెద్ద’ అనే ధాతువని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మేజర్, మేయర్ అనే మాటలు ఆ ధాతువువే. సంస్కృతంలో దాని జ్ఞాతి ఎవరో తెలుసా? మహా. మహత్తు, మహిమ, మహి అన్నీ ఆ గోత్రమే. అంటే రోమన్ మైయాకు మన భాషల్లో నిజంగా చుట్టమయ్యేది మాయ కాదు, మహి. వినడానికి కలిసేది పరాయిది, వినడానికి తేడాగా ఉన్నది సొంత చుట్టం. భాషల చుట్టరికాల్లో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే: చెవి చెప్పేది నమ్మకూడదు, ధ్వనులు ఏ క్రమంలో మారాయో చూడాలి.

మే నెల పేరు ఈ మైయా నుంచే వచ్చిందని మామూలుగా చెబుతారు. రోమన్ కవి ఓవిడ్ తన పంచాంగ కావ్యంలో దానికి మూడు కారణాలు చెప్పించాడు: ఘనతకు అధిదేవత, ఊరి పెద్దలు, మైయా. మూడూ చెప్పించి ఏదీ తేల్చకుండా వదిలేశాడు.

జపాన్‌లో ఒక కొండ పేరు మాయ

ఇది మాత్రం కాకతాళీయం కాదు. జపాన్‌లోని కోబే నగరం వెనక ఒక కొండ ఉంది. పేరు మాయ. అక్కడి తెన్‌జోజి ఆలయంలో బుద్ధుడి తల్లి మాయాదేవిని కొలుస్తారు, కొండకు ఆ పేరు ఆమె వల్లే. లుంబినిలో బిడ్డను కన్న తల్లి పేరు బౌద్ధంతో పాటు చైనాకు వెళ్లింది, అక్కడ రెండు చైనా అక్షరాల్లోకి మారింది, ఆ అక్షరాలతోనే జపాన్ చేరింది. కొండ పేరును జపాన్ నౌకాదళం ఓడకు పెట్టుకుంది. 1944లో మునిగిన యుద్ధనౌక మాయ ఒకటి, 2020లో దళంలో చేరిన కొత్త మాయ ఇంకొకటి.

ఎరువు మాటను ఇలా గుర్తుపట్టొచ్చు: అది నడిచొచ్చిన దారి కనిపిస్తుంది. గ్రంథం, గుడి, లిపి, ప్రయాణం, అన్నీ ఉంటాయి. అదే జపాన్‌లో అమ్మాయిలకు మాయ అని పేరు పెట్టేటప్పుడు మాత్రం వేరే వేరే చైనా అక్షరాలతో రాస్తారు. ఏ అక్షరాలు ఎంచుకుంటే ఆ అర్థం. అక్కడ పలుకు మాత్రమే ఒకటి.

నీరు, మరియ, మే డే

హీబ్రూలో నీళ్లను మయిమ్ అంటారు. ఇజ్రాయెల్‌లో మాయ బాగా వాడుకలో ఉన్న ఆడపిల్లల పేరు, అక్కడివాళ్లకు వినగానే నీళ్లు గుర్తుకొస్తాయి. తర్వాత అతికిన అర్థానికి ఇది మంచి ఉదాహరణ. స్వీడన్ వైపు మాయ అంటే మరియకు ముద్దుపేరు. మన దగ్గర మరియమ్మ, మరియం బీ అని వినిపించే పేరే అక్కడ చివరికి మాయ అయింది. సోవియట్ రష్యాలో ఈ పేరు మే నెలను, మే డేను తలపించేది. అరబ్బులకు మయ్య అనే పాత పేరు వేరే ఉంది.

మాయన్లు మయుడి వారసులా?

2012 డిసెంబర్ 21న లోకం అంతమవుతుందని టీవీల్లో ఊదరగొట్టినప్పుడు మనందరికీ మాయన్ల పేరు తెలిసింది. వాళ్ల క్యాలెండర్‌లో ఒక పెద్ద చక్రం ఆ రోజుకు పూర్తయింది, అంతే. అప్పటి నుంచి వాట్సాప్‌లో తిరిగే మాట ఒకటుంది: మయుడు మెక్సికో వెళ్లి కట్టినవే ఆ పిరమిడ్లు, అందుకే వాళ్లు మాయన్లు అని.

దీన్ని నమ్మేవాళ్ల వాదన ఇది: పేరు కలిసింది, రెండు చోట్లా గొప్ప కట్టడాలున్నాయి, ఖగోళ గణితం ఉంది. సరే, దారి వెతుకుదాం. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో మాయపాన్ అనే నగరం 13, 15 శతాబ్దాల మధ్య పెద్ద కేంద్రంగా ఉండేది. మాయ అనే పేరుకు ఆ నగరం పేరుతో సంబంధం ఉందని పండితులు చెబుతారు. యుకటాన్‌లో వాడుకలో ఉన్న ఆ పేరును చరిత్రకారులు తర్వాత మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్ దాకా విస్తరించిన మొత్తం నాగరికతకు తగిలించారు. అక్కడ ఇప్పటికీ సుమారు 30 మాయన్ భాషలున్నాయి, గ్వాటెమాలాలో కిచే జనం తమను కిచే అనే చెప్పుకుంటారు. అంటే పిరమిడ్లు కట్టిన కాలంలో వాళ్లందరికీ కలిపి ‘మాయన్లు’ అనే పేరే లేదు. పేరే తర్వాతిదైతే ఆ పేరు ఆధారంగా అంతకుముందు జరిగిన వలసను రుజువు చెయ్యలేం. వాళ్ల భాషల్లో సంస్కృతం ఎరువు మాటలూ లేవు.

పుట్టుకే అర్థమా, పెట్టినవాళ్ల ఉద్దేశమా?

ఇక్కడ రెండు న్యాయమైన వాదనలున్నాయి.

భాష చదివినవాళ్లు అంటారు: ఒక మనిషి పేరుకు ఒక దారే ఉంటుంది. స్వీడన్ అమ్మాయి మాయకు అర్థం మరియ ద్వారా వెతకాలి, తెనాలి మాయకు సంస్కృతం ద్వారా. అన్ని భాషల అర్థాలూ ఒకే పిల్లకు తగిలిస్తే, ఒకే ఇంటిపేరున్న నలుగురి ఆస్తులు ఒకడి ఖాతాలో రాసినట్టు.

తల్లిదండ్రులు అంటారు: మేం ఈ పేరు ఎంచుకున్నదే రెండు చోట్లా పలుకుతుందని. మా పిల్ల స్నేహితురాళ్లు యూదులు కావచ్చు, వాళ్లకు నీళ్లు గుర్తుకు రావడం కూడా మా పిల్ల పేరు జీవితంలో భాగమే.

రెండో వాదనలో బలం ఉందని అమెరికా రచయిత్రి మాయా ఏంజెలో కథ చూస్తే తెలుస్తుంది. 1928లో పుట్టినప్పుడు ఆమె పేరు మార్గరీట్. అన్న బెయిలీ చిన్నప్పుడు ఆమెను ‘మై సిస్టర్’ అనబోయి ముద్దుముద్దుగా పిలిచిన పిలుపు నలిగి నలిగి మాయ అయింది. అందులో గ్రీకు లేదు, సంస్కృతం లేదు, ‘నా చెల్లి’ అని పిలిచిన అన్న గొంతు మాత్రమే ఉంది. ఆమె పేరుకు భ్రమ అని అర్థం రాస్తే ఎంత తప్పు! అదే అమెరికాలో కమలా హారిస్ చెల్లెలి పూర్తి పేరు మాయా లక్ష్మి హారిస్. తల్లి చెన్నై నుంచి వెళ్లిన తమిళురాలు. పక్కన లక్ష్మి ఉండగా ఆ మాయ ఏ దారిలో వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే నాకు తోచిన పద్ధతి ఇది: ‘పుట్టుక’ అనేదీ ‘ఇప్పుడు తలపించేది’ అనేదీ రెండు వేర్వేరు గళ్లలో రాసుకోవాలి. ఇదే పద్ధతితో తార అనే పేరును చూడండి. సంస్కృత తార, ఇంగ్లీషు స్టార్ నిజంగానే జ్ఞాతులు. ఐర్లండ్‌లో తార అనే ప్రసిద్ధమైన గుట్ట పేరు మాత్రం అక్కడి సొంత భాషది, నక్షత్రంతో పని లేదు. మన నీల్‌కు నీలం, ఐరిష్ నీల్‌కు వేరే మూలం. లీల మనది, లైలా అరబ్బీలో రాత్రి అనే మాట నుంచి వచ్చింది.

బారసాల రోజు ఇదంతా మా అమ్మకు చెప్పే వ్యవధి లేదు. బంధువులు భోజనాలకు కూర్చోవాలి, పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. మరదలు ఫోన్ లోపల పెట్టేసి, “వేరే పేరు చూద్దాంలెండి అత్తయ్యా” అంది కూడా. అప్పుడు మా తమ్ముడు అన్నాడు: “అమ్మా, నువ్వు శుక్రవారం చదివే లలితా సహస్రనామంలో మహాశక్తికి ముందు ఏముంటుందో ఒకసారి చెప్పు.”

అమ్మకు పుస్తకం అక్కర్లేదు. కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. “మహామాయా మహాసత్త్వా మహాశక్తిర్మహారతిః…” మొదటి మాట దగ్గరే గొంతు తగ్గింది. కళ్లు తెరిచి పళ్లెం వైపు చూసింది. ‘య’ పక్కన బియ్యం కాస్త చెదిరి ఉంటే వేలితో సర్ది, పాపను ఒళ్లోకి తీసుకుని చెవిలో మూడుసార్లు ఆ పేరే చెప్పింది.